ఊడుతది సారు

కామారెడ్డిలో పండ్ల డాక్టరు సిద్దిరాములు సారు నోటి నుంచి ‘బాగైతది’ అన్న మాట విన్నవాళ్లు ఇంతవరకు లేరు. ఆయన దగ్గరున్నది ఒక్కటే మాట. ‘ఊడుతది.’

పన్ను చూపించినప్పుడు అన్నాడంటే అదొక అందం. కొత్త చొక్కా వేసుకుని ఎదురుపడినా అంతే. పలకరించే ముందు గుండీని రెండు వేళ్లతో పట్టుకుని, అటూ ఇటూ కదిపి, దవాఖాన వరండాలో రోగి బంధువులతో మాట్లాడే గొంతుతో ‘‘ఊడుతది’’ అంటాడు. గృహప్రవేశానికి పిలిస్తే, అందరూ పాలు పొంగడం చూస్తుంటే ఆయన తలెత్తి సీలింగు చూస్తుంటాడు. ఇంటాయనకు పైప్రాణం పైనే పోతుంది.

‘‘ఏమన్న తేడా ఉన్నదా సార్?’’

‘‘ఇప్పుడైతె లేదు.’’

ఆ ‘ఇప్పుడైతె’ దగ్గర ఒక నిట్టూర్పు విడుస్తాడు. ఆ నిట్టూర్పుకు భయపడి దోమకొండలో ఒకాయన, కొత్త ఇల్లు కట్టుకుని కూడా హాల్లో పడుకోవడం మానేసి మూల అర్రలో మంచం వేసుకున్నాడు.

ఒక పెళ్లిలో ముందు వరసలో కూర్చున్నాడు. పెళ్లికొడుకు మూడో ముడి వేస్తుంటే, బాజాలు ఒక్క క్షణం ఆగిన సందులో సారు గొంతు మండపమంతా వినబడింది. ‘‘వదులు పడ్డది.’’ అయ్యగారు కంగారుపడి దాని మీదనే ఇంకో ముడి వేయించాడు. పెళ్లికొడుకు ఈసారి పండ్లు బిగబట్టి గుంజి కట్టాడు. ‘‘గంత గుంజితె దారం తెగుతది,’’ అన్నాడు సారు. అప్పటి నుంచి ఆయనకు పెళ్లిపత్రికలైతే ఇస్తున్నారు గానీ, నోటితో చెప్పేటప్పుడు భోజనాల వేళే చెబుతున్నారు, ముహూర్తం వేళ చెప్పడం లేదు.

ఇంత దిగులు మనిషి వెనక ఏదో పెద్ద కష్టమే ఉండి ఉంటుందని ఊళ్లో వాళ్లు రకరకాల కథలు అల్లారు. ఆయన భార్య ప్రమీలమ్మ టీచరు వాటన్నిటినీ నవ్వి కొట్టిపారేసేది. ‘‘కష్టం లేదు, ఏం లేదు. పెండ్లిచూపులకు వచ్చిననాడే మా బాపుతోని ‘ఈ సంబంధం నిలుస్తదంటరా?’ అని అడిగిండు. మా బాపు భయపడి ఇంకిన్ని లడ్డూలు పెట్టించిండు. అవి తిన్నడు. తిని, ‘పన్ను పుచ్చుతది’ అన్నడు.’’

బయటివాళ్లకు ఇదంతా వేడుక. కానీ ఆయన దగ్గర పని చేసే బాలలక్ష్మికి మాత్రం అది పొట్ట మీది సంగతి.

సారు క్లినిక్కు ఎరువుల దుకాణం మీద ఉంటుంది. కింది నుంచి యూరియా వాసన, పైన వెలగాలా వద్దా అని ఆలోచించే ట్యూబులైటు. బాలలక్ష్మి అక్కడ పేర్లు రాసుకుంటుంది, పనిముట్లు శుభ్రం చేస్తుంది, సారు చేతికి అందిస్తుంది. ఇవన్నీ పైపై పనులు. ఆమె అసలు కొలువు మెట్ల మీద. లోపల సారు ‘ఊడుతది’ అనగానే పేషంటు లేచి చెప్పులేసుకుంటాడు. బాలలక్ష్మి వెనకాలే ఉరుకుతుంది.

‘‘అక్కా, ఆగున్రి! సారు మాటే అట్ల గని, చెయ్యి మంచిది!’’

‘‘ఊడుతదంటున్నడు గదమ్మా!’’

‘‘అందరికీ గదే అంటడు. నా పెండ్లికి వచ్చి కూడా అన్నడు. ఊడిందా? ఇగో, పదేండ్లాయె, మా ఆయన ఇంక నాతోనే ఉన్నడు!’’

నవ్వినవాళ్లు వెనక్కి వచ్చేవారు. నవ్వనివాళ్లు రోడ్డు దాటి ఎదురుగా కొత్తగా వెలిసిన పండ్ల దవాఖానకు పోయేవారు. అక్కడ అద్దాల తలుపు, చల్లని గాలి, బోర్డు మీద చెవుల దాకా నవ్వే అమ్మాయి. లోపలికి అడుగు పెట్టగానే ‘గ్యారెంటీ’ అంటారట. ఆ ఏడు వానలు కూడా సారు పక్షమే వహించాయి. ఒకటే ముసురు. గోడలకు చెమ్మ, కుర్చీలు ఖాళీ. బాలలక్ష్మి కిటికీలోంచి అవతలి బోర్డును చూస్తూ, ఇట్లాగే ఉంటే వచ్చే ఎండాకాలానికి ఈ క్లినిక్కు తాళం పడుతుందని లోపల్లోపల కుమిలేది. సారుతో అంటే ఏమంటాడో తెలుసు. తాళం కూడా ఊడుతదంటాడు.

ఆయన చేసేది వంకర పండ్లను వరసకు తెచ్చే పని. ముందుకు పొడుచుకొచ్చిన పండ్లను లోపలికి గుంజాలంటే వెనక ఎక్కడో ఒక గట్టి పట్టు ఉండాలి. వెనకపన్నునే పట్టుకుని గుంజితే, ముందుపన్ను వెనక్కి రావడం అటుంచి ఆ వెనకపన్నే ముందుకు నడిచొస్తుంది. అందుకని చిగురులోంచి ఎముకలోకి, పండ్ల వేళ్ల నడుమ, బియ్యపుగింజ కంటే కాస్త పెద్దదైన స్క్రూ ఒకటి బిగిస్తారు. ముందు తీగకూ ఆ స్క్రూకూ మధ్య సన్నని స్ప్రింగు వేస్తారు. సారు ఈ సంగతిని ఎంత చదువు రానివాళ్లకైనా ఎక్కేలా చెబుతాడు.

‘‘గుంజకు కట్టిన బర్రెను చూసిన్రా? ఒక్క దిక్కుకే మెల్లగ గుంజుకుంట నిలబడుతది. గుంజ కదలదు. అదే దూడను కట్టున్రి. దుంకుతది, జాడిస్తది, గుంజ సుట్టు తిరిగి మెలిపెడుతది. పొద్దుమీకె వరకు గుంజ చేతికొస్తది. ఈ స్క్రూ కూడ గుంజనే. దాన్ని గుంజే బలం బర్రె లెక్క ఉండాలె, దూడ లెక్క ఉండొద్దు.’’

ఇంత చక్కగా చెప్పినవాడు అక్కడితో ఆగితే ఎంత బాగుండు! ఆగడు. పేషంటును వదిలేసి, వెంట వచ్చిన పెద్దమనిషి వైపు తిరుగుతాడు. అది తండ్రి కావచ్చు, అన్న కావచ్చు, అత్త కావచ్చు.

‘‘అయినా ఊడుతది. వినబడ్డదా? ఏమైతది?’’

‘‘ఊ... ఊడుతది సార్.’’

‘‘ఊడితె ఎవ్వల తప్పు?’’

ఆ పెద్దమనిషి దిక్కులు చూస్తాడు.

‘‘డాక్టరుది. అనున్రి.’’

‘‘డాక్టరుది సార్.’’

‘‘జర గట్టిగ.’’

బడిలో ఎక్కాలు చెప్పించినట్టు చెప్పిస్తాడు. బాలలక్ష్మికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. ‘‘సార్, చానా మటుకు నిలుస్తయి గద? ఆ ముచ్చట చెప్పరాదు?’’ అని ఒకరోజు అడిగేసింది.

‘‘నిలిచినదాని గురించి చెప్పేదేముంటది?’’ అన్నాడాయన, ఎంతో ఆశ్చర్యంగా.

వారానికొకసారి శుక్రవారం నాడు ఎల్లారెడ్డిలో మందుల దుకాణం పక్క గదిలో కూర్చుంటాడు సారు. బాలలక్ష్మి డబ్బాలు పట్టుకుని వెంట పోతుంది. అట్లా పోయిన ఒక వాన పొద్దున అక్కడికి ప్రమోద వచ్చింది. కామారెడ్డి–ఎల్లారెడ్డి బస్సులో కండక్టరు. ఇల్లు లింగంపేట. ముక్కూ నోరూ కప్పుతూ చున్నీ చుట్టుకుని ఉంది. వెంట అత్త ముత్తవ్వ, ఒళ్లో బీడీల చేట. దవాఖానకు వచ్చి కూడా చేతులు ఊరుకోలేదు. ఆకు చుట్టడం, దారం కట్టడం, చేటలో వేయడం.

ప్రమోద చున్నీ తీసింది. పైపండ్లు పెదవిని దాటి బయటికి వచ్చి ఉన్నాయి. బాలలక్ష్మి ఆమెను వెంటనే గుర్తుపట్టింది. ఆ నెలలో జిల్లాలో ఆమెను చూడని ఫోను లేదు. కిక్కిరిసిన బస్సులో ఒక ముసలమ్మకు సీటు ఇప్పించడానికి ప్రమోద ఇద్దరు మొగోళ్లతో గట్టిగా కొట్లాడితే, ఎవడో ఫోనులో తీశాడు. సీటు సంగతి కోసేసి, ఆమె నోరు తెరిచిన చోట బొమ్మను ఆపి, గుర్రం సకిలింపు కలిపి వదిలాడు. అది ఊరూరా తిరిగి, సముద్రం దాటి, గల్ఫులో ఆమె మొగుడు ఆశన్న ఉండే గదిలోకి కూడా పోయింది.

‘‘మా ఆయన రూమోళ్లు చూసి నవ్విండ్రట సార్,’’ అంది ప్రమోద, నేల చూస్తూ. ‘‘నువ్వు జర మెల్లగ మాట్లాడరాదా అన్నడు మా ఆయన. గంతే అన్నడు. అప్పటి సంది నాకు బస్సుల గొంతు లేస్తలేదు. దసరాకు వస్తున్నడు. ఆ లోపల లోపలికి పోవాలె సార్ ఇవి.’’

‘‘పోవు,’’ అన్నాడు సారు.

ప్రమోద కళ్లలో నీళ్లు తిరిగాయి. బాలలక్ష్మి అలవాటుగా మెట్ల వైపు చూసింది. ఎల్లారెడ్డిలో మెట్లు లేవు.

‘‘దసరాకు పోవు. ఏడాది దాటుతది. రెండు దిక్కుల స్క్రూలు పెడుత. మెల్లగ గుంజుత. అవ్వా, ఇటు చూడు.’’ సారు ముత్తవ్వ వైపు తిరిగాడు. ‘‘స్క్రూ ఊడుతది.’’

ముత్తవ్వ బీడీ చుట్టడం ఆపింది. ‘‘ఊడేదాన్ని పెట్టుడెందుకు?’’

‘‘పెట్టకపోతె ఊడనీకె ఏముంటది?’’

ముత్తవ్వ ఆయనను కింది నుంచి మీదికి చూసింది. ఆమె కూడా ఏమంత సంబరాల మనిషి కాదు. మబ్బు పడితే మక్కలు తడుస్తాయంటుంది, ఎండ కాస్తే మక్కచేను ఎండుతుందంటుంది. ఇన్నాళ్లకు తనకు సరిజోడు దొరికినట్టు ఆమె మొహం కుదుటపడింది. ‘‘మనుషులల్ల గింత నిజం చెప్పేటోడు ఒక్కడన్న ఉన్నడు,’’ అంది. ‘‘మొన్న మా సుట్టాల ముసలాయనను దవాఖానకు తోలుకపోతె, రేపే నడుస్తడన్నరు. నడిచిండు. కాటికి.’’

‘‘ఊడితె ఎవ్వల తప్పు అవ్వా?’’

‘‘నీదే. ఇంకెవ్వలది?’’

ఎక్కం చెప్పించకుండానే వచ్చిన మొదటి జవాబు అది. సారు తృప్తిగా తలాడించాడు.

తర్వాతి వారం కామారెడ్డిలో స్క్రూలు పెట్టారు. పెన్నులాంటి చిన్న స్ప్రింగు తక్కెడతో సారు గుంజే బలాన్ని కొలిచి, కొలిచి, తగ్గించాడు. ‘‘నొప్పే లేదు సార్,’’ అంది ప్రమోద అనుమానంగా. ‘‘అసలు గుంజుతున్నదా?’’

‘‘గుంజుతున్నట్టు తెలిస్తె, ఎక్కువ గుంజినట్టు.’’

కానీ తొందరలో ఉన్న మనిషికి మెల్లగ జరిగే మేలు కనబడదు. ప్రమోద పొద్దున లేచి అద్దంలో చూసుకునేది. పండ్లు నిన్న ఉన్నచోటే ఉండేవి. బస్సులో వెనక సీట్లలోంచి ఎవడో సకిలించేవాడు. ఒకనాడు ఆమె టికెట్ల సంచిలోంచి నోట్ల కట్టలకు వేసే రబ్బరు తీసి, మడతలు పెట్టి, కుడి పక్క స్క్రూకూ ముందు కొక్కేనికీ మధ్య బిగించింది. దవడ జివ్వున లాగింది. ఆ నొప్పికి ఆమె ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు గుంజుతున్నది! ఇక అప్పటి నుంచి అన్నం తినేటప్పుడు తీయడం, తిన్నాక మెలిపెట్టి తగిలించడం. బర్రె మెల్లగ నిలబడ్డ చోట దూడను కట్టింది. సారు చూసే రోజున మాత్రం తీసి దాచేది.

ఊడవలసింది ఊడింది.

ఆ రోజు తాడ్వాయి దాటాక వాన దంచి కొడుతోంది. బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న పిలగాండ్లను చూసి ప్రమోద చాలా రోజులకు గొంతెత్తి, ‘‘ముందుకు జరుగున్రి!’’ అని అరిచింది. ఆ ‘జరుగున్రి’తో పాటు స్క్రూ కూడా జరిగింది. స్ప్రింగు జారి, రబ్బరు తెగుతూ గులేరుతో కొట్టిన రాయిలా స్క్రూను నోట్లోంచి బయటికి విసిరింది. ప్రమోద బుగ్గ పట్టుకుని, ‘‘అయ్యో, స్క్రూ ఊడింది!’’ అంది.

డ్రైవరు యాకూబు చెవిన పడ్డది ఆ రెండు ముక్కలే. సర్రున బ్రేకు తొక్కి, బండిని పక్కకు తీసి, వానలోనే కిందికి దూరాడు. లోపల జనం ఎవరి కాళ్ల కింద వాళ్లు వెతకడం మొదలుపెట్టారు. ఏం వెతుకుతున్నారో సగం మందికి తెలియదు. ఒకాయనకు ఎప్పుడో పోయిన చిల్లర దొరికింది. ఒకామె ‘‘స్టీరింగుదట, స్టీరింగుదట’’ అని దేవుళ్లను తలుచుకుంది. చివరికి ఒక ముసలమ్మ చిక్కుడుకాయల గంపలోంచి మెరుస్తున్న ముక్కను పైకెత్తి, ‘‘గింత స్క్రూ మీదనా బస్సు నడిచేది?’’ అని గుండెలు బాదుకుంది.

యాకూబు మడ్డి నూనెలో మునిగిన మొహంతో పైకి వచ్చాడు. ‘‘మొత్తం చూసిన. బండిది ఒక్కటి కూడ ఊడలే!’’

‘‘బండిది గాదన్నా,’’ అంది ప్రమోద ఏడుపు గొంతుతో. ‘‘నాది.’’

బస్సంతా నవ్వింది. ప్రమోద చున్నీ ముక్కు మీదికి లాక్కుంది.

సాయంత్రం బస్సును డిపోలో అప్పజెప్పి ఆమె క్లినిక్కు మెట్లెక్కేసరికి కరెంటు పోయి ఉంది. కిటికీ వెలుతురులో సారు నోరు తెరిపించి చూశాడు. పక్కన బ్యాటరీ లైటు పట్టుకున్న బాలలక్ష్మి కూడా చూసింది. ముందు కొక్కేనికి చుట్టుకుని తెగిన రబ్బరు తునక. ఎర్రగా, దొంగతనం దొరికినట్టు. తాము వేసింది స్ప్రింగు, రబ్బరు కాదు. ప్రమోద కళ్లు గట్టిగా మూసుకుంది.

అంతలో మెట్ల మీద ముత్తవ్వ గొంతు. సంగతి బస్సు కంటే ముందే లింగంపేట చేరినట్టుంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఫోను. ఫోనులో వీడియోకాల్‌లో ఆశన్న.

‘‘ముందే వద్దన్న గదనే!’’ ఫోనులోంచి ఆశన్న. ‘‘ముప్పై దాటినంక పండ్ల సోకేందని అనలేదా! ఏం గెలికినవ్? ఏం కొరికినవ్?’’

‘‘ఏం జేసినవే?’’ అంటూ ముత్తవ్వ గుమ్మంలో నిలబడింది.

సారు చెయ్యి మెల్లగా ప్రమోద నోట్లోకి పోయింది. చిన్న పటకారుతో ఆ ఎర్ర తునకను తీసి, దూదిలో చుట్టి, చెత్తడబ్బాలో వేశాడు. తర్వాత వెనక్కి తిరిగి, నోటికున్న గుడ్డ కిందికి లాగి, తల వంచుకుని నిలబడ్డాడు.

‘‘నేను చెప్పిన గదా అవ్వా, ఊడుతదని. నాదే తప్పు. నేనే ఎక్కువ గుంజిన.’’

బాలలక్ష్మి లైటును సారు మొహం మీదికి తిప్పింది. తక్కెడ పెట్టి కొలిచి తగ్గించిన మనిషి!

ముత్తవ్వ ఒక్క క్షణం కోడలి మొహం చూసింది, ఒక్క క్షణం సారు మొహం చూసింది. తర్వాత గొడుగు నేలకేసి కొట్టింది. ‘‘నువ్వు డాక్టరువా, కమ్మరోనివా? ఆడిపిల్ల దవుడను నాగలి కర్రు లెక్క గుంజినవా? నీ చెయ్యి పడ! చదువుకున్ననంటవ్, ఏం చదువుకున్నవ్, బాయి తవ్వుడా?’’ తిట్టింది, తిట్టింది. ఊపిరి తీసుకోవడానికి ఆగి మళ్లీ తిట్టింది. కింద ఎరువుల దుకాణంలో బేరం ఆగిపోయింది. ఫోనులో ఆశన్నే భయపడి, ‘‘అవ్వా, పోనీయ్ అవ్వా, ముందే చెప్పిండట గద సారు,’’ అని సర్దిచెప్పవలసి వచ్చింది. కోడలి ఊసు ఎవరూ ఎత్తలేదు.

అంతసేపూ సిద్దిరాములు సారు వానలో తడుస్తున్న బర్రెలా కదలకుండా నిలబడ్డాడు.

అత్తాకోడళ్లు పోయాక బాలలక్ష్మి ఉండబట్టలేకపోయింది. ‘‘ఎందుకు సార్ గట్ల చెప్పిన్రు? రబ్బరు నేను చూడలేదా? ఈ ముచ్చట ఎదురు దవాఖానకు పోతె మనకు ఒక్క మనిషి రాడు.’’

సారు చేతులు కడుక్కుంటూ ఉన్నాడు. ‘‘స్క్రూ ఊడుడు పెద్ద ముచ్చట గాదు బాలలక్ష్మీ. పక్కన ఇంకోటి పెట్టొచ్చు. కానీ ఊడిననాడు ఇంటికాడ ఎవ్వల్ని తిడుతరు? నోరు ఎవ్వలదో వాళ్లనే. ఏం తిన్నవే, ఏం గెలికినవే, నీకు ఈ సోకెందుకే అంటరు. సగం మంది అక్కడనే బంద్ జేస్తరు. పిల్ల మళ్ల జన్మల నోరు తెరవది. ఊడుతదని నేను ముందే చెప్పుకుంటె, తిట్లన్ని ఇటు మళ్లుతయి.’’ చేతులు తుడుచుకున్నాడు. ‘‘నాకైతె అలవాటే. మా ఇంట్ల కూడ గట్లనే తిడుతరు.’’

మెట్ల మీద ఉరికి ఉరికి తాను ఎంతమందికి ‘ఊడదు, నా మాట నమ్మున్రి’ అని చెప్పి పంపిందో బాలలక్ష్మికి గుర్తొచ్చింది. ఊడిన నాడు ఆ పిల్లలు ఇళ్లల్లో ఏం పడ్డారో.

చిగురు మానాక ప్రమోదకు కాస్త పక్కన ఇంకో స్క్రూ పెట్టాడు సారు. ఆమె తనంతట తానే రబ్బరు సంగతి చెప్పింది. ‘‘తెలుసు బిడ్డా,’’ అన్నాడు. ‘‘దూడను కట్టినవ్. బర్రెను కట్టు.’’

‘‘వాండ్లు నవ్వుతరు సార్. అది ఆగాలె నాకు.’’

‘‘అది ఆగదు,’’ అన్నాడు సారు ఎప్పటి దిగులు గొంతుతోనే. ‘‘పండ్లు లోపలికి పోతె ముక్కును చూసి నవ్వుతరు. ముక్కు సక్కగ జేస్తె చెవులను చూసి నవ్వుతరు. వాండ్లకు ఇంకో పని లేదు. నీకు బస్సు ఉన్నది. నువ్వు గొంతెత్తి అరువు.’’

ఓదార్పు అనుకోవడానికి వీల్లేని ఆ మాటకు ప్రమోదకు నవ్వొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి నవ్వింది. ‘‘నోరు మూయకు, పని అయిపోలే,’’ అని కసిరాడు సారు.

దసరాకు ఆశన్న వచ్చాడు. పండ్లు ఇంకా సగం దోవలోనే ఉన్నాయి. ఒకరోజు పెళ్లాం బస్సులోనే ఎక్కి, ఆమె కొట్టిన టికెట్టు చేతిలో పట్టుకుని వెనక నిలబడ్డాడు. ఎవడో సకిలించాడు. ఆశన్న వాడి వైపు తిరిగి అన్న మాటలు ఇక్కడ రాయడానికి పనికిరావు. వాడు మాత్రం తన ఊరు రాకముందే దిగిపోయాడు.

చలికాలం వచ్చింది. ఒక శుక్రవారం సారు కారు మొరాయించింది. డబ్బాలు పట్టుకుని సారూ బాలలక్ష్మీ బస్సెక్కారు. కండక్టరు ప్రమోద. చున్నీ మెడలో ఉంది, గొంతు బస్సంతా ఉంది. ‘‘ఓ పెద్దమనిషీ, ఆ సంచికి కూడ టికెట్ కొట్టాల్నా? ఒళ్లె పెట్టుకో! మా సారును కూసోనీ!’’

సారు ముందు సీట్లో కూర్చున్నాడు. లింగంపేటలో ముత్తవ్వ ఎక్కింది. ఆయనను చూడగానే మొదలుపెట్టింది. ‘‘ఇగో, గీయనే! నా కోడలి స్క్రూ ఊడగొట్టిన డాక్టరు గీయనే! అందరు చూసుకోన్రి!’’ సారు అందరికీ కనబడేలా కొంచెం పక్కకు జరిగాడు కూడా. ఇద్దరు ముగ్గురు అక్కడికక్కడే తమ పిల్లల పండ్ల సంగతి అడిగారు. ఊడగొట్టినా ఒప్పుకునే డాక్టరును వాళ్లు ఎక్కడా చూడలేదట.

ముత్తవ్వ వెనక్కి వచ్చి బాలలక్ష్మి పక్కన కూర్చుంది. బాలలక్ష్మి మనసు ఆగలేదు. ‘‘అవ్వా, పోనీయరాదు. సారు చానా మంచోడు.’’

‘‘నాకు ఎరుక లేదా?’’ అంది ముత్తవ్వ, గొంతు తగ్గించి. ‘‘పొద్దుగాల్ల అద్దం ముంగట అది రబ్బరు గుంజుడు నేను చూడలేదనుకున్నవా?’’

బాలలక్ష్మి ఒళ్లోని డబ్బా పక్కన పెట్టి ఆమె వైపు తిరిగింది.

‘‘ఆ దినం ఫోన్ల నా కొడుకు ఉండె. వాని ముంగట దాన్నేమంటనే? అప్పటికే ఆ పాడు వీడియో చూసి వాడొక మాట అని ఉండె. అది తినక, పండక నెల రోజులు తిరిగింది. నేను నిజం చెప్తె ఇంకో మాట అంటడు. ఏం చెయ్యాల్నో తోచక గుమ్మంల నిలబడితె, మీ సారు నడుమల వచ్చి నిలబడె. నా నెత్తి మీది బరువు దించె. ఇగ తిట్టిన. మస్తు తిట్టిన. బాగ తిట్టితెనే గద నా కొడుకు నమ్మేది.’’ ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, బాలలక్ష్మి చెయ్యి పట్టుకుంది. ‘‘సారుకు చెప్పకు బిడ్డా. అబద్ధం ఆడరాని మనిషి, ఒక్కటి ఆడిండు. అది గూడ నాకు దొరికిందని తెలిస్తె చిన్నబోతడు.’’

ముందు సీట్లోంచి సారు మెడ తిప్పి చూశాడు. ‘‘ఏమంటున్నది ముత్తవ్వ?’’

బాలలక్ష్మి గొంతు పెంచింది.

‘‘మిమ్మల్నే తిడుతున్నది సార్. కోపం ఇంక తగ్గలే.’’

సిద్దిరాములు సారు మొహం విచ్చుకుంది.

‘‘తగ్గదు,’’ అన్నాడు ఎంతో హాయిగా, కిటికీ వైపు తిరిగి కూర్చుంటూ.